కారణం రాసే గడి

మా వదినకు జ్వరం సాయంత్రం ఐదున్నరకు వచ్చేది. జీవాలు మేత నుంచి ఇంటికి తిరిగొచ్చేదీ ఆ వేళకే. దొడ్డి తడిక తీయాలి, తొట్లో నీళ్లు నింపాలి, తల్లుల కోసం అరిచే గొర్రెపిల్లలను ఒక్కొక్కదాన్నీ పట్టి దాని తల్లి దగ్గర వదలాలి. ఇంట్లో అందరికీ చేతినిండా పని ఉండే ఆ గంటలోనే వదిన దుప్పటి కప్పుకొని గోడవైపు తిరిగి పడుకునేది. ఒకటి రెండు రోజులైతే ఎవరూ పట్టించుకోరు. ఏడు నెలలు అట్లాగే సాగింది. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, రొట్టెలు కాల్చి, నలుగురిలాగా తిరిగే మనిషి సాయంత్రమయ్యేసరికి మూలుగుతూ మంచమెక్కితే ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారు? మేమూ అదే అనుకున్నాం.

"గొర్లు ఇంటికొచ్చే యాళకే వస్తాది మీ వదినకు జ్వరం" అనేది మా అమ్మ, వదినకు వినబడేటట్టుగా.

నేను అంత మాట అనలేదు. తమాషాగా అన్నాను, అది ఇంకా అన్యాయం. "వదినా, నీ జ్వరానికి వాచీ ఎవరు కొనిచ్చినారు?" అన్నాను ఒకరోజు. పళ్లు టకటకా కొట్టుకుంటుంటే ఆమె ఆ దుప్పట్లోంచే నవ్వింది. ఆడబిడ్డ ఎగతాళి చేస్తే వదిన నవ్వాలి కాబట్టి నవ్వింది. ఇప్పటికీ అది గుర్తొస్తే కూర్చున్న చోట కూర్చోలేను. లేచి ఇంటి చుట్టూ ఒక తిరుగుడు తిరిగొస్తాను.

నా పని సంగతి చెప్పకపోతే ఇదంతా అర్థం కాదు. నేను మెడికల్ కోడింగ్ చేస్తాను. అనంతపురంలో డిగ్రీ అయ్యాక కొన్ని నెలలు కోచింగ్ తీసుకుని, బెంగళూరులో కొంతకాలం ఆఫీసుకు పోయి, తరువాత ఇంటి నుంచే చేసుకోవచ్చంటే విడపనకల్లు దగ్గరున్న మా ఊరికి పెట్టె సర్దుకొని వచ్చేశాను. అన్న నాకు ముందు గది ఇచ్చాడు. ఆ గది కిటికీ దొడ్డివైపుకు ఉంటుంది. కిటికీ తెరిస్తే వాసన, మూస్తే ఉక్క. ఎండాకాలంలో వాసనే మేలనుకునేదాన్ని.

అమెరికాలో ఎవరికైనా రక్తపరీక్ష చేస్తే ఆ బిల్లు బీమా కంపెనీకి పోతుంది. బిల్లులో పరీక్ష పేరు రాస్తే చాలదు, ప్రతి పరీక్షకూ ఒక అయిదంకెల నంబరు ఉంటుంది, అది వేయాలి. నాకు వచ్చేవి ఎక్కువగా ఆంటీబాడీ పరీక్షలు. ఒంట్లోకి ఏదైనా క్రిమి చొరబడితే రక్తం దానితో పోరాడటానికి ఆంటీబాడీని తయారుచేసుకుంటుంది. ఏ క్రిమికి తయారైన ఆంటీబాడీ ఉందో వెతికితే ఏ రోగమో తెలుస్తుంది. టైఫాయిడ్ జాతి క్రిములకు 86768. గొర్రెలు, మేకలు, ఆవుల నుంచి మనుషులకు అంటుకునే బ్రూసెల్లాకు 86622. ఇదీ అని తేలని జ్వరానికి నాలుగైదు రకాలను పాత పద్ధతిలో వెతికితే 86000. ఇట్లాంటివి వందలు ఉన్నాయి. నిద్రలో లేపి అడిగినా చెప్తాను, మా ఇంటి ఫోన్ నంబర్లు మాత్రం చెప్పలేను.

నంబరు పక్కనే ఇంకో గడి ఉంటుంది. పరీక్ష ఎందుకు చేశారో కారణం రాసే గడి. దానికీ వేరే నంబర్లే. జ్వరమా, కీళ్ల నొప్పా, పశువులతో పనిచేసే మనిషా, ఏదో ఒకటి ఉండాలి. కారణం లేని పరీక్షకు బీమా కంపెనీ పైసా ఇవ్వదు, బిల్లు తిప్పి పంపుతుంది. ఆ గడిని నింపడానికే డాక్టరు రాసిన నోట్‌ను తెరుస్తాం. తెరుస్తాం అన్నాను, చదువుతాం అనలేదు. గంటకు ఇన్ని బిల్లులని లెక్క ఉన్నప్పుడు చదువుతూ కూర్చుంటే ఉద్యోగం ఉండదు. రోగం మాట ఒకటి దొరకాలి, పరీక్ష మాట ఒకటి దొరకాలి. దొరికిందా, నంబరు కొట్టు, ఇంకోటి తీయి. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరుతాం. అన్నం ఎవరు తింటారో మాకెందుకు?

ఊళ్లో మాత్రం నాకు సగం డాక్టరనే పేరు వచ్చింది. "అమెరికా డాక్టర్ల బిల్లులు రాస్తాదంట" అని చెప్పుకునేవాళ్లు. ల్యాబు రిపోర్టులు పట్టుకొని వచ్చేవాళ్లు. నాకు రోగాలు తెలియవు, నంబర్లే తెలుసు అని మొదట్లో ఓపికగా చెప్పాను, తరువాత చిరాగ్గా చెప్పాను, ఆఖరికి పని వేళల్లో రావద్దని అమ్మతో చెప్పించాను.

వదిన కూడా ఒకసారి తన రిపోర్టు తెచ్చింది. చెవులకు హెడ్‌సెట్ పెట్టుకొనే తీసుకుని చూశాను. మండలంలోని ల్యాబు కాగితం. టైఫాయిడ్ పాజిటివ్ అని స్టాంపు. మా వైపు జ్వరమని ఎవరు పోయినా ఆ స్టాంపే పడుతుంది. "టైఫాయిడ్ అని రాసినారు కదా వదినా, ఇంజెక్షన్లు ఏసుకుంటే పోతాది" అని మడిచి ఇచ్చేశాను. ఊరి ఆరెంపీ డాక్టరు వారం ఇంజెక్షన్లు వేశాడు. రెండు సీసాల గ్లూకోజు ఎక్కించాడు. పది రోజులు తగ్గింది. పదకొండో రోజు ఐదున్నరకు మళ్లీ దుప్పటి తీసుకుంది. అట్లా ఎన్నిసార్లు జరిగిందో నేను లెక్క పెట్టలేదు.

వదినవి సన్నటి చేతులు. మా మందలో కాన్పు కష్టమైన గొర్రె ఉంటే అన్న ఆమెనే పిలిచేవాడు. చేయి లోపలికి పెట్టి పిల్లను తిప్పి లాగడం, మాయ పడకపోతే వేళ్లతో తీయడం, అంతా ఆమె పని. ఆ మధ్య రెండేళ్లు మందలో ఈసుకుపోవడం ఎక్కువైంది. చూడి గొర్రె నెలలు నిండకముందే పిల్లను పడేయడాన్ని అట్లా అంటారు. పడిపోయిన పిల్లలను ఎత్తిపోసి, ఆ చోటంతా ఊడ్చి, తొట్టి నీళ్లతో చేతులు కడుక్కుని వచ్చి వదిన మాకు అన్నం పెట్టేది. నా గదిలోంచి అదంతా కనబడేది. ఫోన్‌లో పై అధికారి మాట్లాడుతుంటే గొర్రెల అరుపు వినపడకుండా కిటికీ మూసేదాన్ని.

అదే కాలంలో వదినకు నాలుగో నెలలో కడుపు పోయింది. పెళ్లయిన ఆరేళ్లకు నిలిచిన కడుపు. నేను ఆ రోజు సగం దినం సెలవు పెట్టాను. మిగతా సగం దినం పని చేశాను. అందుకు నన్ను ఎవరూ తప్పు పట్టలేదు. ఇంట్లో నాలుగు రోజులు ఏడ్చి ఊరుకున్నారు, వదిన ఎన్నాళ్లు ఏడ్చిందో నాకు తెలియదు.

ఇక ఆ ఆడిట్ రోజు. మేము వేసిన నంబర్లను హైదరాబాదులో కూర్చుని ఒకాయన మళ్లీ సరిచూస్తాడు. తప్పు దొరికితే ఫోన్ చేస్తాడు. మెత్తగా మాట్లాడతాడు, అదే నాకు ఒళ్లుమంట. ఆ సాయంత్రం ఐదు దాటాక ఫోన్ వచ్చింది. కిటికీ తెరిచి ఉంది. కిటికీ కిందే, వాకిట్లో నులక మంచం మీద వదిన పడుకుని ఉంది. జీవాలు ఇంకా ఇంటికి రాలేదు.

"మేడమ్, ఈ బిల్లుకు 86000 వేశారు. అక్కడ 86622 పడాలి" అన్నాడాయన.

"నోట్‌లో జ్వరమనే ఉంది సార్. అందుకే జ్వరాల పరీక్ష వేశాను."

"జ్వరం కింద ఇంకా ఉంది. నోట్ మొత్తం చదివారా?"

"చదివాను" అన్నాను. చదవలేదు.

"ఒకసారి పైకి చదవండి మేడమ్. తప్పు నాదైతే నేనే తీసేస్తాను."

రోషం వచ్చింది. చదువుతాను, చూద్దాం అనుకున్నాను. గొంతు పెంచి మొదలుపెట్టాను. ఇంగ్లిషులో ఉన్న ఆ నోట్ తెలుగులో చెప్పాలంటే ఇట్లా ఉంది: నలభై దాటిన స్త్రీ. భర్తతో కలిసి గొర్రెలు పెంచుతుంది. ఈ కాలంలో చాలా గొర్రెలకు తనే కాన్పు చేసింది. చేతులకు తొడుగులు వేసుకోలేదు. కొన్ని గొర్రెలు నెలలు నిండకముందే పిల్లలను పడేశాయి. మూడు నెలలుగా వచ్చిపోయే జ్వరం. ఎక్కువగా సాయంత్రం వేళ. చలి, ఒళ్లంతా తడిసేటట్టు చెమట, నడుము నొప్పి, తుంటి నొప్పి. బాగా అలసట. ఇంట్లోవాళ్లు...

అక్కడ ఆగిపోయాను. కిటికీ కింద వదిన మూలిగింది. రోజూ వింటున్న మూలుగే.

"మేడమ్? లైన్‌లో ఉన్నారా?"

"తప్పు నాదే సార్" అన్నాను. నా నాలుగేళ్ల ఉద్యోగంలో ఆడిటర్‌తో ఆ మాట అనడం అదే మొదలు. ఆయన కూడా కంగారుపడినట్టున్నాడు, ఏం పర్వాలేదు మేడమ్ అంటూ ఏదో చెప్పబోయాడు. హెడ్‌సెట్ తీసి బల్ల మీద పడేసి బయటికి వచ్చాను.

వదిన నుదుటి మీద చేయి పెట్టాను. కాలిపోతోంది. ఏడు నెలల్లో నేను ఆమె ఒంటి మీద చేయి వేసి చూడటం కూడా అదే మొదలు.

"వదినా, జ్వరం కాక ఇంగేం ఉండాది నీకు? నొప్పి యాడ?"

ఆమె కళ్లు తెరిచి నన్ను వింతగా చూసింది. "నడుం. ఇదో, ఈడ తుంటికాడ గూడా. వంగితే లేయలేను."

"చెమట పడతాదా?"

"తెల్లారేపాటికి చీరంతా తడిసిపోతాది."

"యాల చెప్పలేదు మాకు?"

"చెప్పినా పాపా" అంది. "మీ అన్నకు చెప్పినా, మీయమ్మకు చెప్పినా. నీకు గూడా చెప్పినా. నువ్వు ఫోన్లో ఉండావు."

అన్న జీవాలతో ఇంటికి వచ్చేదాకా నేను వాకిట్లో నిలకడగా నిలవలేదు. దొడ్డిదాకా పోవడం, మళ్లీ రావడం. ఆయన కాళ్లు కూడా కడుక్కోకముందే చెప్పేశాను, వదినకు టైఫాయిడ్ కాదేమో, గొర్రెల రోగం అంటుకుందేమో, అనంతపురం తీసుకుపోయి వేరే రక్తపరీక్ష చేయించాలి అని. అన్న ముందు నాకేసి, తరువాత వీధికేసి చూశాడు.

"మెల్లగా మాట్లాడు మే. మందలో రోగముండాదని నలుగురికీ తెలిస్తే సంతలో నా జీవాలను ఎవరు చూస్తారు?"

"జీవాలను చూసేటోళ్లు బోలెడుమంది ఉండారన్నా. వదినను చూసేటోళ్లే లేరు."

"నువ్వు డాక్టరువా? అన్నీ తెలిసినట్ల మాట్లాడతాండావు."

"కాదు. అయినా పోతాండాం. రేపు తొలి బస్సుకే."

అన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకుని దొడ్డిలోకి పోయాడు. కోపంతో పోయాడనే అనుకున్నాను. తెల్లవారి మేము బస్సెక్కుతుంటే వదిన సంచిలో నీళ్ల సీసా, రొట్టెల మూట ఆయనే పెట్టాడు. నాతో మాట్లాడలేదు కానీ కండక్టరుతో మాట్లాడి ముందు సీటు ఇప్పించాడు.

ఉరవకొండ మీదుగా అనంతపురం చేరేసరికి ఎండెక్కింది. పెద్ద డాక్టరు అని పేరున్న ఒకాయన దగ్గర టోకెన్ తీసుకుని కూర్చున్నాం. నా మోకాళ్లు ఊగుతూనే ఉన్నాయి. "ఊరుకుండు పాపా, బెంచీ అదురుతాంది" అంది వదిన. మా వంతు వచ్చింది. డాక్టరు పాత కాగితాలు చూసి, మళ్లీ టైఫాయిడ్ వచ్చినట్టుంది, మందు మారుస్తాను అన్నాడు. కలం కాగితం మీద కదులుతోంది.

"సార్, బ్రూసెల్లా ఆంటీబాడీ పరీక్ష చేయిస్తారా?" అన్నాను.

కలం ఆగింది. "నెట్లో చూసి వచ్చినారా?"

"లేద్సార్. ఆ బిల్లులు రాసేది నా పని."

"బిల్లులు రాస్తే సరా అమ్మా? పరీక్ష రాయాలంటే ఒక కారణం ఉండాల కదా."

ఆయన విసుక్కోవాలనే అన్నాడు. నేను మాత్రం ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు మొదలుపెట్టాను. గొర్రెల మంద ఉంది. ఒట్టి చేతులతో కాన్పులు చేస్తుంది. రెండేళ్లుగా మందలో ఈసుకుపోతున్నాయి. ఏడు నెలలుగా సాయంత్రం జ్వరం, చెమట, నడుము నొప్పి, తుంటి నొప్పి. మందు వేస్తే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. నాలుగో నెలలో ఒక కడుపు పోయింది. ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఒక్క గడి కూడా ఖాళీ లేకుండా చెప్పాను.

డాక్టరు కలం పక్కన పెట్టి, కుర్చీ వదినవైపుకు జరుపుకున్నాడు. "నిజమేనా అమ్మా ఇదంతా? ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"అడిగింటే చెప్పిందును సార్" అంది వదిన. "జ్వరమా అంటే జ్వరమన్నా. అంతే అడిగినారు అందరూ."

ఆయన మళ్లీ కలం అందుకున్నాడు. పరీక్ష రాసిచ్చాడు. టైఫాయిడ్ పరీక్ష మీద తేల్చుకోకూడదని, పాత జ్వరం గుర్తు కూడా అందులో పడుతుందని, మనవైపు అది చాలామందికి పడుతుందని చెప్పాడు. ఆ ముక్క మాకు ముందే చెప్పేవాళ్లు ఒక్కరు లేకపోయారు.

కింద ల్యాబులో బిల్లు కొట్టే అమ్మాయి తన కంప్యూటర్లో ఆ పరీక్ష కోసం చాలాసేపు వెతికింది. దొరకలేదు. "ఇది మా లిస్టులో లేదక్కా. ఎవరూ రాయరు. బెంగళూరుకు పంపాల" అంది. చివరికి ఇతర పరీక్షలు అనే వరుసలో వేసి రసీదు ఇచ్చింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. సముద్రం అవతల ఒక పల్లెలో గొర్రెలు కాసుకునే మనిషికి ఈ పరీక్షకని ప్రత్యేకంగా ఒక నంబరు ఉంది. ఇన్ని గొర్రెలున్న మా జిల్లాలో నేను చూసిన ఆ ఒక్క ల్యాబులో దానికి ఒక పేరైనా లేదు. ఆ పిల్ల మీద అరవాలనిపించింది. ఆమె తప్పేముంది? పేరూ నంబరూ తెలిసి కూడా నేను చేసిందేమిటి?

రిపోర్టుకు అయిదు రోజులు పడుతుందన్నారు. ఆ అయిదు రోజులు నేను పని చేయలేకపోయాను. కుర్చీలో కూర్చునేదాన్ని, నోట్ తెరిచేదాన్ని, కానీ ఇదివరకటిలా ఏరలేకపోయాను. ప్రతిదీ మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదువుతున్నాను. మెట్లు ఎక్కలేని ముసలాయన. ముగ్గురు పిల్లలున్న ఒంటరి తల్లి. ఎవరో, ఎక్కడివాళ్లో. మధ్యాహ్నానికి పది బిల్లులు కూడా అయ్యేవి కావు. ఏమైందని పై నుంచి మెసేజీలు. జవాబు రాస్తూ తుడిపేస్తూ ఉండేదాన్ని. లేచి దొడ్డిదాకా పోయేదాన్ని. వదిన నన్ను చూసి, "నీకేమైనా జ్వరమా పాపా, అట్ల తిరుగుతాండావు?" అంది. ఆమె మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఏడు నెలలు ఎవరూ నమ్మని మనిషికి ఇంకో అయిదు రోజులు ఒక లెక్కా?

ఆ రోజుల్లోనే ఒక గొర్రె కాన్పుకు వచ్చింది. అలవాటు కొద్దీ అన్న వదినను కేకేశాడు. ఆమె లేచింది. నేను అడ్డం నిలబడ్డాను. అనంతపురంలో కొన్న చేతి తొడుగుల పెట్టె తెచ్చి అన్న చేతిలో పెట్టాను. ఏమనుకున్నాడో, మారుమాట లేకుండా వేసుకున్నాడు. లావుపాటి వేళ్లకు తొడుగులు ఎక్కక తిప్పలుపడ్డాడు. వదిన దూరంగా నిలబడి ఎట్లా తిప్పాలో, ఎప్పుడు లాగాలో చెప్పింది. పిల్ల బతికింది.

అయిదో రోజు ఫోన్‌కు రిపోర్టు వచ్చింది. పాజిటివ్. ఆంటీబాడీ చాలా ఎక్కువగా ఉంది. నా అనుమానం నిజమైనందుకు ముందు సంతోషం కలిగింది, దాచుకోను. ఒక నిమిషమే. ఆ తరువాత నా మీద నాకే రోత పుట్టింది.

మళ్లీ బస్సు, మళ్లీ టోకెన్. డాక్టరు ఈసారి లేచి నిలబడి మాట్లాడాడు. ఆరు వారాలు రెండు రకాల మాత్రలు, ఒక్క పూట కూడా మానకూడదు, ఒంటికి పోతే ఎర్రగా వస్తుంది, భయపడకూడదు. ఇంట్లో అందరం పరీక్ష చేయించుకోవాలి. పశువుల డాక్టరుకు చెప్పి మందకూ చేయించాలి. పాలు కాచకుండా తాగకూడదు. వదిన అన్నింటికీ తలూపింది. లేవబోతూ మళ్లీ కూర్చుంది.

"సార్, ఏడాదిన్నర కింద నాకు కడుపు పోయింది. అది గూడా దీనివల్లేనా?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. ఆమె అడగకుండా ఉంటే బాగుండునని దారంతా అనుకుంటూ వచ్చాను.

"అయ్యుండొచ్చమ్మా" అన్నాడు డాక్టరు. "ఖాయంగా చెప్పలేను. అప్పుడే రక్తం పరీక్ష చేసింటే తెలిసేది."

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ఉరవకొండ దాటేదాకా మందుల చీటీ మడుస్తూ విప్పుతూ ఉంది. నేనే ఏదేదో వాగాను. మాత్రలు తిన్నాకనే వేసుకోవాలని, అన్నను నేను ఒప్పిస్తానని, అమ్మకు గడ్డి పెడతానని. ఆమె విన్నదో లేదో.

"పాపా, ఈ రోగం పేరు నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

అబద్ధం చెప్పొచ్చు. మొన్ననే తెలిసిందంటే నమ్మేది. "పనిలో చేరినప్పట్నుంచి" అన్నాను. "నాలుగేండ్లు."

ఆమె లెక్క వేసుకుంది. వేళ్లు కదలడం కనబడింది.

"అంటే నా కడుపు పోయేపాటికి తెలుసు."

"తెలుసు వదినా."

చెప్పుకోవడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. నంబరే తెలుసు, రోగం తెలియదు. నేను డాక్టరును కాను. చదివిన డాక్టర్లకే తట్టలేదు. అన్నీ నిజాలే. ఆ సన్నటి చేతుల పక్కన కూర్చుని వాటిలో ఒక్కటి కూడా పైకి అనలేకపోయాను. ఆమె తిడితే బాగుండు, కొట్టినా బాగుండు అనిపించింది. సీట్లో కదులుతూనే ఉన్నాను.

"మన ఊళ్లో ఇంగా ముగ్గురుండారు" అంది వదిన.

"ఎవరు?"

"నామాదిరే పొద్దుగూకితే పండుకునేటోళ్లు. ఇంట్లో పని దొంగలని తిట్టిచ్చుకునేటోళ్లు. బావికాడ కలిసినప్పుడల్లా చెప్పుకుంటాం మాలో మేము. ఒకదానికి ఇప్పుడు మూడో నెల." నన్ను చూడకుండానే చెబుతోంది. "రేపు పిల్చుకొస్తా. ముందే చెప్తాండా, నువ్వేం చెప్పొద్దు వాళ్లకు. ఆ చెవుల్లోది తీసి పక్కన పెట్టి, వాళ్లు చెప్పేది ఇను."

"పిల్చుకురా వదినా" అన్నాను.

ఆమె కొంగు తల మీదికి లాక్కుని కిటికీవైపు తిరిగింది.